నక్షత్రాలు చూడాలంటే ముందు టెలిస్కోప్ కాదు, గోడమీది క్యాలెండర్ చూడండి

మీ ప్రశ్న చదివాను. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మియాపూర్‌లో ఫ్లాటు, ఏడేళ్ళ పాప. రాత్రి లాప్‌టాప్ మూసేశాక ఫోన్ చేతిలోకి వస్తోంది, పన్నెండు దాటినా దిగట్లేదు. ఏదైనా హాబీ పెట్టుకుందామనుకుంటుంటే ఆరు వేలకి '525 రెట్లు పెద్దగా చూపించే' టెలిస్కోప్ ప్రకటన కనబడింది, కొనమంటారా, అసలు సిటీ లైట్లలో ఏమైనా కనబడుతుందా, ఉద్యోగం చేసుకుంటూ ఇవన్నీ కుదురుతాయా అని అడిగారు.

కొనకండి. కనీసం ఇప్పుడు కొనకండి. సిటీలో ఏమైనా కనబడుతుందా అంటే, మీరనుకునేదానికన్నా చాలా ఎక్కువే కనబడుతుంది.

నేను చేసేది విద్యుత్ శాఖలో ఉద్యోగం, అంటే పగలంతా ఊళ్ళకి వెలుగులు ఇచ్చి రాత్రయ్యాక చీకటి ఎక్కడ దొరుకుతుందా అని వెతుక్కునే బాపతు. చాలా ఏళ్ళుగా ఈ పిచ్చి ఉంది. మా దగ్గరికి కొత్తవాళ్ళు తెచ్చే టెలిస్కోపుల్లో సగం సరిగ్గా మీరు చెప్పిన రకమే, డబ్బామీద శనిగ్రహం రంగుల ఫొటో, లోపల ప్లాస్టిక్ లెన్సులు, మూడు కాళ్ళ స్టాండు మీద గాలి వీస్తే చాలు చంద్రుడు గంతులేస్తుంటాడు. ఆ 525 అనే అంకె సంగతి చెప్తా వినండి. టెలిస్కోప్ ముందు కటకం వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లో దానికి రెట్టింపు, అంతే, అంతకు మించి పెంచితే బొమ్మ పెద్దదవుతుంది తప్ప వివరం పెరగదు, మసకబారుతుంది. 60 మిల్లీమీటర్ల టెలిస్కోప్‌కి 120 రెట్లే హద్దు, అది కూడా లెన్సు మంచిదైతే, గాలి నిలకడగా ఉంటే. కాబట్టి డబ్బా మీద రెట్లు పెద్ద అక్షరాల్లో వేసి అమ్మే ఏ టెలిస్కోప్‌నీ కొనొద్దు. ఎన్ని రెట్లు అని కాదు, ముందు కటకం ఎంత వెడల్పు, స్టాండు ఎంత గట్టిది, ఈ రెండే చూడాలి.

అసలు ఇబ్బంది ఇంకొకటి ఉంది. టెలిస్కోప్ ఆకాశంలో చాలా చిన్న ముక్కనే చూపిస్తుంది. ఏ చుక్క ఎక్కడుందో తెలియనివాళ్ళు దాన్ని ఆకాశం మీదకి తిప్పితే చంద్రుడు తప్ప ఏదీ దొరకదు. రెండు వారాలు తిప్పుతారు, విసుగొస్తుంది, తర్వాత అది అటక మీదకి పోతుంది.

అందుకే ముందు ఆకాశం నేర్చుకోవాలి, ఇక్కడ మనకి ఒక వాటం ఉంది, దాన్ని ఎవరూ వాడుకోరు. మీ ఇంట్లో గోడమీద తెలుగు క్యాలెండర్ ఉంటుంది కదా, అందులో ప్రతి గడిలో ఆ రోజు తిథి, నక్షత్రం వేసి ఉంటాయి. వర్జ్యం, దుర్ముహూర్తం కోసం చూసే ఆ గడి నిజానికి ఆకాశంలో చంద్రుడి అడ్రసు. 'ఈ రోజు రోహిణి' అంటే చంద్రుడు రోహిణి దగ్గర ఉన్నాడని. చంద్రుడు నక్షత్రాల మధ్య ఒక చుట్టు తిరగడానికి 27 రోజుల పైచిలుకు పడుతుంది, అందుకే 27 నక్షత్రాలు, రోజుకొక మజిలీ. సాయంత్రం క్యాలెండర్ చూసి డాబా ఎక్కండి, చంద్రుడి పక్కన ఎర్రగా మెరిసే చుక్క కనిపిస్తే అదే రోహిణి, ఇంగ్లీషు పుస్తకాల్లో ఆల్డెబరాన్ అంటారు. ఇంకో రోజు మఖ, అది రెగ్యులస్. తర్వాత చిత్త, స్పైకా. ఆ తర్వాత జ్యేష్ఠ, అంటే వృశ్చికం గుండెలో ఎర్రటి ఆంటారెస్. ఒక నెల ఇలా చేస్తే, ఏ యాప్ లేకుండానే ఆకాశంలో ఆరేడు గట్టి గుర్తులు మీ సొంతమవుతాయి.

అన్నీ ఇంత సుళువుగా దొరకవు, ముందే చెప్తున్నా. ఆకాశాన్ని 27 సమాన భాగాలు చేసి పేర్లు పెట్టారు కానీ నక్షత్రాలు మాత్రం అంత బుద్ధిగా వరసలో లేవు. స్వాతి, శ్రవణం చంద్రుడి దారికి బాగా ఉత్తరంగా ఉంటాయి, ఆ రోజుల్లో చంద్రుడి పక్కన వెతికితే దొరకవు, ఉత్తరం వైపు చూడాలి. పుష్యమి, ఆశ్లేష లాంటివి మసకవి, సిటీలో వదిలేయండి. జాతకాల జోలికి నేను పోను, ఆ వాదన ఇక్కడ వద్దు. క్యాలెండర్‌లో ఉన్న ఖగోళం వరకే నా మాట.

నెలల పేర్లు కూడా అంతే. పౌర్ణమినాడు చంద్రుడు కృత్తిక దగ్గర ఉంటే కార్తీకం, మృగశిర దగ్గర ఉంటే మార్గశిరం, మఖ దగ్గరైతే మాఘం, చిత్త దగ్గరైతే చైత్రం. వచ్చే కార్తీక పౌర్ణమికి మీ ఇంట్లో దీపాలు పెట్టాక పాపని డాబా మీదకి తీసుకెళ్ళి చంద్రుడి చుట్టుపక్కల చూడండి. వెన్నెలకి కృత్తికలు మామూలు కంటికి సరిగ్గా ఆనవు, బైనాక్యులర్ ఉంటే గుత్తిగా తేలతాయి. పల్లెల్లో పెద్దవాళ్ళు పిల్లలకోడి అనేది వాటినే.

కార్తెల దగ్గర మాత్రం ఒక తిరకాసు ఉంది, చాలామంది ఇక్కడ పొరబడతారు. కార్తె చంద్రుణ్ణి బట్టి కాదు, సూర్యుణ్ణి బట్టి. రోహిణి కార్తె అంటే సూర్యుడు రోహిణి దగ్గర ఉన్నాడని, అంటే మే చివర్లో రోళ్ళు పగిలే ఎండల్లో రోహిణి పగలంతా సూర్యుడితోపాటే ఆకాశంలో ఉంటుంది కాబట్టి రాత్రి వెతికినా దొరకదు. ఆ రాత్రుల్లో చూడాల్సింది సరిగ్గా ఎదురుగా ఉండే జ్యేష్ఠని, పొద్దు గూకే వేళకి తూర్పున లేచి తెల్లవార్లూ ఉంటుంది.

గ్రహాల విషయంలో మన జనానికి తెలియకుండానే ఎంత తెలుసో చూడండి. గురుడు సూర్యుడి చుట్టూ ఒకసారి తిరగడానికి దాదాపు 12 ఏళ్ళు, అంటే రాశికి ఏడాది. పుష్కరాల లెక్క అదే. గురుడు సింహరాశిలోకి వస్తే గోదావరి పుష్కరాలు, కన్యలోకి వస్తే కృష్ణా పుష్కరాలు. 2015లో గోదావరికి, 2016లో కృష్ణకి లక్షలమంది వెళ్ళి మునిగారు కానీ తలెత్తి ఆ గురుణ్ణి చూసినవాళ్ళు ఎంతమందో! గోదావరికి మళ్ళీ 2027లో. ఈలోపు నెలకోసారి గురుడి పక్కన ఉన్న చుక్కల్ని కాగితం మీద గీసి పెట్టుకోండి, గ్రహం జరుగుతున్నట్టు మీకే తెలుస్తుంది, మధ్యలో కొన్ని నెలలు వెనక్కి నడిచినట్టు కూడా కనబడుతుంది, అదే వక్రగతి. పాపతో గీయిస్తే ఇంకా మంచిది, ఏడేళ్ళ పిల్లలకి ఇది భలే పడుతుంది.

ఇక కొనాల్సిన వస్తువు. ఆ ఆరు వేలు పక్కన పెట్టి, కుదిరితే ఇంకాస్త కలిపి, మంచి కంపెనీ 7x50 గానీ 10x50 గానీ బైనాక్యులర్ కొనండి. మొదటి అంకె ఎన్ని రెట్లో, రెండోది ముందు కటకం వ్యాసం మిల్లీమీటర్లలో. జూమ్ అని రాసి ఉన్నవి వద్దు, ముందు అద్దాలు కెంపుల్లా ఎర్రగా మెరిసేవి అసలే వద్దు. చేతులు వణుకుతాయి, కాబట్టి మోచేతులు పిట్టగోడ మీద ఆనించి చూడండి, లేదా నవ్వారు మంచమో చాపో వేసుకుని వెల్లకిలా పడుకుని చూడండి, అదే సుఖం. దాంతో మీ డాబా మీంచే చంద్రుడి మీద గుంటలు, గురుడి పక్కన వరసగా నాలుగు చిన్న చుక్కలు (1610లో గెలీలియో చూసిన ఉపగ్రహాలు అవే, ఒక రాత్రికీ ఇంకో రాత్రికీ చోటు మారతాయి), కృత్తికల గుత్తి, ఓరియన్ నడుముపట్టీలా వరసగా ఉండే మూడు చుక్కల కింద కత్తిలా వేలాడే చుక్కల నడుమ పొగమంచులాంటి నెబ్యులా (ధూళి, వాయువుల మేఘం), ఇవన్నీ కనబడతాయి. శని వలయాలు మాత్రం దీనికి అందవు.

చంద్రుణ్ణి చూడటానికి పౌర్ణమి ఎంచుకుంటారు కొత్తవాళ్ళు. అది అన్నిటికన్నా పనికిరాని రోజు, వెలుగు నిలువుగా పడి నీడలే ఉండవు, తెల్లటి పళ్ళెంలా కనబడతాడు. శుక్లపక్షం సప్తమి, అష్టమి, నవమి బాగుంటాయి, వెలుగూ చీకటీ కలిసే గీత వెంట గుంటల నీడలు పొడుగ్గా పడతాయి. అష్టమి, నవమి పనికిరావని ఇంట్లో వాళ్ళు అన్ని పనులూ మానేస్తారు కాబట్టి మీకూ ఖాళీయే! నక్షత్రాలకీ పాలపుంతకీ అమావాస్య అటూ ఇటూ వారం. అమావాస్య రాత్రి బయటికి పోతానంటే మా అమ్మ ఇప్పటికీ నస పెడుతుంది, అది వేరే విషయం.

సిటీ సంగతి. మియాపూర్ డాబా నుంచి చంద్రుడు, గ్రహాలు, జంట నక్షత్రాలు హాయిగా చూడొచ్చు, వీటికి వీధిదీపాలు పెద్ద అడ్డు కాదు. అపార్ట్‌మెంట్ డాబాకి తాళం వేసి ఉంటుంది కాబట్టి ముందు అసోసియేషన్ సెక్రటరీతో మంచిగా ఉండండి, ఒకసారి ఆయనకే చంద్రుణ్ణి చూపిస్తే తాళంచెవి మీ దగ్గరే ఉంటుంది. పాలపుంత, గెలాక్సీలు మాత్రం సిటీలో కలలోమాట. వాటికోసం నెలకో రెండు నెలలకో ఊరి బయటికి పోవాలి. వికారాబాద్ దగ్గర అనంతగిరి వైపు హైదరాబాద్ వెలుగు తూర్పున ఉబ్బుతున్నా పడమటి ఆకాశం ఫర్వాలేదు. ఇంకా దూరం వెళ్ళగలిగితే గండికోట, హార్స్‌లీ హిల్స్, అరకు వైపు. నల్లమల బ్రహ్మాండంగా ఉంటుంది కానీ పులుల అడవి, రాత్రి వాహనాలు ఆపేస్తారు, కాబట్టి దారిలో దిగి చూద్దామనే ఆలోచన పెట్టుకోవద్దు. ఎక్కడికెళ్ళినా ఒంటరిగా వద్దు, బూట్లు వేసుకోండి, చేలల్లో పాములుంటాయి, దగ్గరి ఊళ్ళో ఎవరికైనా ఒక మాట చెప్పండి, లేకపోతే అర్ధరాత్రి పొలంలో గొట్టం పెట్టుకుని ఏం చేస్తున్నారని నిలదీస్తారు, వాళ్ళ తప్పు కూడా కాదు.

చీకట్లోకి వెళ్ళాక కళ్ళు అలవాటు పడటానికి ఇరవై నిమిషాల నుంచి అరగంట పడుతుంది, ఆ తర్వాత ఒక్కసారి ఫోన్ తెరిస్తే మొత్తం పోయి మళ్ళీ మొదటికి వస్తుంది. టార్చికి ఎర్ర జిలుగు కాగితం చుట్టుకోండి, ఎర్ర వెలుగు కంటిని అంత చెడగొట్టదు. మీరు వదిలించుకోవాలనుకున్న ఫోన్‌ని ముట్టుకోకూడదనే నియమం ఉన్న హాబీ నాకు తెలిసి ఇదొక్కటే. స్టెల్లేరియం అనే ఉచిత ప్రోగ్రాం బాగుంటుంది, దాన్ని ఇంట్లోనే చూసుకుని రండి.

మనం ఉన్న చోటు కూడా అదృష్టమే. ధ్రువ నక్షత్రం హైదరాబాద్‌లో ఉత్తరాన 17 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, దాంతో దక్షిణాకాశం చాలా మేర మనకి తెరుచుకుంటుంది. ఫిబ్రవరిలో రాత్రి తొమ్మిది ప్రాంతంలో దక్షిణానికి తిరిగితే అన్నిటికన్నా ఎక్కువ వెలిగే సిరియస్‌కి బాగా దిగువన ఇంకో పెద్ద చుక్క, అది అగస్త్య నక్షత్రం, కానోపస్, మొత్తం ఆకాశంలో వెలుగులో రెండోది. డల్లాస్‌లో ఉన్న మనవాళ్ళకి అది దక్షిణ దిక్కున నేలని రాసుకుంటూ పోతుంది, న్యూజెర్సీలో వాళ్ళకి అసలు ఉదయించదు. అలాగే వేసవి రాత్రుల్లో చిత్త దక్షిణాన బాగా ఎత్తుకి వచ్చినప్పుడు సూటిగా కిందికి చూపు దించితే ఒమేగా సెంటారీ, లక్షల నక్షత్రాల బంతి, బైనాక్యులర్‌లో నూలు ఉండలా ఉంటుంది. అదే వేళకి ఉత్తరం వైపు సప్తర్షులు ఉంటారు, తోక నుంచి రెండో చుక్క వసిష్ఠుడు, ఆనుకుని అరుంధతి. పట్టపగలు పెళ్ళిలో పంతులుగారు వేలు చూపించి 'కనబడిందా' అంటే అందరం తలూపాం కదా, నిజంగా చూడాలంటే మే నెల రాత్రి తొమ్మిదింటికి చూడండి.

టెలిస్కోప్ ఎప్పుడు అంటే, ఒక వేసవీ ఒక చలికాలమూ బైనాక్యులర్‌తో గడిచాక, ఇంకా కావాలనిపిస్తేనే. అప్పుడు 6 లేదా 8 అంగుళాల డాబ్సోనియన్ తీసుకోండి. అద్దంతో పనిచేసే టెలిస్కోప్, కింద చెక్క పెట్టెలాంటి ఆధారం, ఊగదు, మోటార్లు లేవు, చేత్తో తోసుకోవడమే. దీన్ని జనంలోకి తెచ్చిన జాన్ డాబ్సన్ శాన్‌ఫ్రాన్సిస్కో వేదాంత సొసైటీలో ఇరవై ఏళ్ళకి పైగా సన్యాసిగా ఉన్నాడు, పారేసిన వస్తువులతో టెలిస్కోపులు చేసి ఫుట్‌పాత్ మీద వచ్చేపోయేవాళ్ళకి చంద్రుణ్ణి చూపించేవాడు. 8 అంగుళాల దానికి నాభ్యంతరం (ఫోకల్ లెంగ్త్, అంటే అద్దం నుంచి బొమ్మ ఏర్పడే చోటికి దూరం) మామూలుగా 1200 మిల్లీమీటర్లు, దాన్ని ఐపీస్ (కన్ను పెట్టి చూసే చిన్న కటకం) అంకెతో భాగిస్తే ఎన్ని రెట్లో తెలుస్తుంది, 25 మిల్లీమీటర్లది పెడితే 48 రెట్లు, 10 పెడితే 120. శని వలయాలకి అది చాలు. 2025 మార్చిలో ఆ వలయాలు మనకి అంచుకి అంచుగా తిరిగి గీతలా సన్నబడ్డాయి, అప్పట్నుంచి ఏటేటా తెరుచుకుంటున్నాయి. ఏలినాటి శని అని భయపడేవాళ్ళకి ఒకసారి శనిని చూపించండి, మొహాలు చూడాలి! ఫొటోల్లోని రంగులు మాత్రం ఆశించకండి, నెబ్యులాలు కంటికి బూడిదరంగులోనే ఉంటాయి, శని బఠాణీ గింజంత.

ఉద్యోగం చేసుకుంటూ ఇవన్నీ కుదురుతాయా అన్నారు. ఇప్పటి బంగ్లాదేశ్‌లోని జెస్సోర్‌లో రాధాగోవింద చంద్ర అని ఒక ట్రెజరీ గుమాస్తా ఉండేవాడు. పగలు ఆఫీసు, రాత్రి 3 అంగుళాల టెలిస్కోప్‌తో వెలుగు మారే నక్షత్రాల్ని చూసి రాసుకునేవాడు. ఆ లెక్కలు అమెరికాలోని చర నక్షత్ర పరిశీలకుల సంఘానికి పంపితే, వాళ్ళు ఆయన పనికి ముచ్చటపడి 6 అంగుళాల టెలిస్కోప్‌నే వాడుకోమని ఓడలో పంపారు. మన దగ్గర విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు 1840లోనే డాబా గార్డెన్స్‌లో సొంత వేధశాల పెట్టుకున్నాడు, ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని నడిపి 1874లో శుక్రుడు సూర్యబింబం మీదుగా వెళ్ళడాన్ని చూశాడు. హైదరాబాద్‌లో నవాబ్ జఫర్ జంగ్ ఇంగ్లండ్‌లో 15 అంగుళాల టెలిస్కోప్ కొని మొదలుపెట్టిందే తర్వాత నిజామియా వేధశాల అయింది. అక్కడ పనిచేసే ఉద్యోగి కొడుకే వేణు బప్పు, తమిళనాడులోని కావలూరు వేధశాల ఆయన చలవే. జమీందారులకీ నవాబులకీ డబ్బుంది అంటారేమో, గుమాస్తాకి లేదుగా.

మీరూ నక్షత్రాల వెలుగు రాసుకోవచ్చు, దానికి పరికరం కూడా అక్కర్లేదు. మామూలుగా రోహిణికన్నా ఓ పాలు ఎక్కువ వెలిగే ఆర్ద్ర (ఇంగ్లీషులో బెటెల్‌గ్యూస్) 2019 చివర్లో మసకబారడం మొదలై 2020 ఫిబ్రవరికి బాగా పడిపోయింది, రోజూ చూసే అలవాటున్నవాళ్ళు మామూలు కంటితోనే పట్టుకున్నారు. నక్షత్రం వదిలిన ధూళి అడ్డొచ్చిందని తర్వాత తేలింది. ఒక నోట్‌బుక్ పెట్టుకుని తేదీ, సమయం, ఏ చుక్కకన్నా ఎంత తక్కువ అని రాయండి చాలు.

ఒక్క గట్టి హెచ్చరిక, పాప ఉంది కాబట్టి. బైనాక్యులర్‌ని గానీ టెలిస్కోప్‌ని గానీ పగటిపూట ఆమెకి అందేచోట వదలొద్దు. వాటిలోంచి సూర్యుణ్ణి చూస్తే చూపు పోతుంది, నొప్పి కూడా తెలియదు. చవక టెలిస్కోపులతో ఐపీస్‌కి బిగించే చిన్న నల్ల 'సన్ ఫిల్టర్' ఇస్తారు, అది వేడికి పగులుతుంది, రాగానే చెత్తబుట్టలో వేయండి.

జూన్ నుంచి సెప్టెంబర్ దాకా మబ్బులతో చేసేదేమీ లేదు, ఆగస్టు ఉల్కలు కూడా మనకి వానలపాలే, డిసెంబర్ 13, 14 రాత్రుల్లో వచ్చే జెమినిడ్స్ అనే ఉల్కల కోసం ఆగండి. ఆ నాలుగు నెలలూ బైనాక్యులర్‌ని దాని తోలు సంచీలో పెట్టి బీరువాలో పడేస్తే లెన్సుకి బూజు పడుతుంది, వైజాగ్, కాకినాడ లాంటి చోట్ల ఇంకా త్వరగా. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి అందులో పెట్టండి, పొట్లాలు నీలం నుంచి గులాబీ రంగుకి మారితే వాటిని మార్చండి.